ఆవిరి కారుతో లోకాన్ని మించిన సెర్పోలె

మోటారు కార్ల తొలినాళ్లలో పెట్రోలు, విద్యుత్తు, నీటి ఆవిరి అనే మూడు శక్తుల మధ్య తీవ్రమైన పోటీ ఉండేది. ఫ్రాన్సు దేశంలో ఆవిరి పక్షాన నిలిచి, వేగంలో అందరినీ మించి, స్వల్పకాలంలోనే అంతరించిన సంస్థ గార్డ్‌నర్-సెర్పోలె.

ఈ సంస్థకు మూలపురుషుడు లెయోన్ సెర్పోలె. ఆయన 1858లో తూర్పు ఫ్రాన్సులోని క్యూలోజ్‌లో జన్మించారు. ఆనాటి బాయిలర్లలో పెద్ద మొత్తంలో నీటిని మరిగించవలసి వచ్చేది. అందుకు చాలాసేపు పట్టేది; బాయిలరు పేలితే ప్రాణాపాయం తప్పదు. సెర్పోలె తన సోదరుడు ఆన్రీతో కలిసి దీనికి ఉపాయం కనుగొన్నారు. మందమైన లోహపు గొట్టాలను ముందుగా బాగా కాల్చి, వాటిలోకి పంపు ద్వారా కొద్దికొద్దిగా నీటిని పంపుతారు. కాలిన పెనం మీద పడిన నీటిచుక్క వలె అది తక్షణమే ఆవిరిగా మారుతుంది. నీటి నిల్వ స్వల్పం కనుక పేలుడు భయం తగ్గింది. బండి త్వరగా బయలుదేరగలిగింది.

1889లో ఆర్మాన్ ప్యూజో తన తొలి మూడు చక్రాల వాహనాన్ని సెర్పోలె ఆవిరి యంత్రంతోనే నిర్మించి పారిస్ ప్రదర్శనలో ఉంచారు. అయితే అనతికాలంలోనే ఆయన పెట్రోలు వైపు మొగ్గారు. సెర్పోలె మాత్రం తన మార్గం విడువలేదు. 1890లో ఎర్నెస్ట్ ఆర్ష్‌డికన్‌తో కలిసి, దారిలో ఎన్నో మరమ్మతులు చేసుకుంటూ, పారిస్ నుండి లియాన్ నగరానికి ఆవిరి బండిపై ప్రయాణించారు.

తరువాత అమెరికా ధనికుడు ఫ్రాంక్ గార్డ్‌నర్ పెట్టుబడితో సంస్థ బలపడింది. కిరసనాయిలుతో మండే బర్నర్లు అమర్చిన కార్లు తయారయ్యాయి. 1902 ఏప్రిల్ 13న నీస్ నగరంలో, కోడిగుడ్డు ఆకారపు కారులో సెర్పోలె గంటకు 120.80 కిలోమీటర్ల వేగాన్ని సాధించారు. 1899లో విద్యుత్ కారు నెలకొల్పిన 105.88 కిలోమీటర్ల రికార్డు దానితో చెరిగిపోయింది.

ఆ ఘనత నాలుగు నెలలైనా నిలువలేదు. అదే సంవత్సరం ఆగస్టులో మోర్స్ సంస్థ పెట్రోలు కారు 122.44 కిలోమీటర్లు అందుకొంది. మంట, నీరు, పంపు మూడింటినీ కనిపెట్టుకొని నడపవలసిన ఆవిరి కారు కంటే పెట్రోలు కారే సామాన్య యజమానికి సులువనిపించింది.

1907 ఫిబ్రవరిలో, 48 ఏళ్ల వయసులో సెర్పోలె మరణించారు. ఆయన ప్రతిభే ఆధారంగా నిలిచిన కార్ల తయారీ కూడా ఆయనతోనే ముగిసింది. 1911లో పారిస్ నగరంలో ఆయనకు స్మారక శిల్పం వెలసింది. యంత్రం ఎంత వేగవంతమైనదైనా, నడిపేవారికి సులభం కానిదే సంతలో నిలువదని ఈ చరిత్ర తెలుపుతున్నది.