వెబ్ మీద ఓనమాలు

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చింది. తొమ్మిదో తరగతి అయిపోయి పదిలోకి వెళ్తోంది. వచ్చిన రెండో రోజే "మామయ్యా, వెబ్‌సైట్ చేయడం నేర్పిస్తావా?" అని అడిగింది. పదిహేనేళ్లుగా ఆ పని మీదే బతుకుతున్నవాణ్ణి, ఇంతకంటే తేలిక కోరిక ఏముంటుందనుకున్నాను. నేను నేర్చుకున్న పద్ధతిలోనే మొదలుపెడదామని, మా ఆఫీసులో నేనూ ఒక చెయ్యి వేసిన సైట్ తెరిచి, రైట్ క్లిక్ చేసి 'వ్యూ పేజ్ సోర్స్' నొక్కమన్నాను.

నొక్కింది. పదిహేను వరుసలు కూడా లేవు. మధ్యలో ఒక ఖాళీ డివ్, దాని కింద రెండు స్క్రిప్ట్ ఫైళ్ల పేర్లు. అందులో ఒకటి తెరిస్తే ఊపిరి తీసుకునే చోటు కూడా లేకుండా ఒకే వరుసలో వేలకి వేల అక్షరాలు.

"ఇందులో ఏమీ లేదేంటి మామయ్యా?" అంది.

ఏం చెప్పాలో తోచలేదు. పేజీలో బొమ్మలున్నాయి, మెనూలున్నాయి, ఫారాలున్నాయి. లోపల చూస్తే ఏమీ లేదు. అలా లేకుండా చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే వెబ్ చరిత్రలో ఇన్నేళ్లూ నేను పట్టించుకోని ఒక సంగతి కనిపించింది.

నేను నేర్చుకున్నది 2006లో, బీటెక్ మొదటి సంవత్సరంలో. కాలేజీ ల్యాబులో సీ ప్రోగ్రాములు రాయించేవాళ్లు. ఒక సెమికోలన్ మర్చిపోతే తెర నిండా ఎర్రర్లు. సాయంత్రం బస్టాండ్ పక్కన నెట్ సెంటర్‌కి వెళ్లి గంట అద్దెకి కూర్చుంటే అక్కడ వేరే లోకం. నచ్చిన పేజీ కనిపిస్తే సోర్స్ తెరిచేవాణ్ణి, మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకునేవాణ్ణి. అందులో టైటిల్ తీసేసి నా పేరు పెట్టడం, బ్రౌజర్‌లో తెరిచి చూడడం. ఒక ట్యాగ్ తీసేస్తే ఏం పోతుందో, ఒక అంకె మారిస్తే ఏం పెరుగుతుందో చూడడం. మార్క్వీ ట్యాగ్‌తో నా పేరు తెర మీద కుడి నుంచి ఎడమకి పాకుతుంటే పక్క క్యాబిన్‌లో ఉన్న స్నేహితుణ్ణి పిలిచి మరీ చూపించాను. ఎవరూ పాఠం చెప్పలేదు. పేజీయే పాఠం.

మనకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. చిన్నప్పుడు పలక మీద అమ్మ 'అ' రాసిస్తే దాని మీదే బలపంతో పదిసార్లు దిద్దేవాళ్లం. ఆ గీత ఎటు తిరుగుతుందో చేతికి తెలిసేది, అర్థం తర్వాత వచ్చేది. ఓనమాలు దిద్దడం అంటే ఇంకొకళ్ల అక్షరం మీద మన చెయ్యి నడపడమే. వ్యూ సోర్స్ మా తరానికి అలాంటి పలక.

అయితే ఈ పలకని ఎవరో మన కోసం ఆలోచించి పెట్టారనుకుంటే పొరపాటు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీకి అసలు ఆ ఉద్దేశం లేదు. ఆయన జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1989 మార్చిలో తన ప్రతిపాదన రాశాడు. 1990 చివరికల్లా నెక్స్ట్ కంప్యూటర్ మీద మొదటి బ్రౌజర్ తయారుచేశాడు. అది చదివే సాధనమే కాదు, రాసే సాధనం కూడా. పేజీ చూస్తూ చూస్తూ అక్కడికక్కడే మార్చొచ్చు, లింకు పెట్టొచ్చు. వర్డ్‌లో ఉత్తరం రాసినట్టన్నమాట. హెచ్‌టీఎంఎల్ అనేది యంత్రాలు చూసుకునే వ్యవహారం, మనుషులు దాని మొహం చూడనక్కర్లేదన్నది ఆయన ఊహ. మనుషులు ఆ ట్యాగులన్నీ చేత్తో రాయడానికి సిద్ధపడడం చూసి ఆశ్చర్యపోయానని తర్వాత తన పుస్తకంలో చెప్పుకున్నాడు.

కానీ నెక్స్ట్ కంప్యూటర్లు ఎంతమంది దగ్గరుంటాయి? అందుకని నికోలా పెల్లో అనే గణిత విద్యార్థిని ఏ టెర్మినల్ మీదైనా నడిచే చిన్న బ్రౌజర్ రాసింది. అందులో చదవడమే తప్ప రాయడం కుదరదు. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా తయారుచేసిన మొజాయిక్‌తో వెబ్ జనంలోకి వెళ్లింది. దానితోనూ పేజీని మార్చలేం. అయితే దాని మెనూలో పేజీ సోర్స్ చూసే వీలుంది. అంటే అనుకున్న తలుపు మూసుకుపోయి, అనుకోని కిటికీ తెరుచుకుంది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ వెబ్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. లైసెన్సు అక్కర్లేదు, కిటికీ తెరిచే ఉంది. ఇంక కావలసింది పేజీ పెట్టుకోడానికి కాస్త చోటు. 1994లో మొదలైన జియోసిటీస్ లాంటివి అది కూడా ఉచితంగా ఇచ్చాయి. ఇంజనీర్లు కానివాళ్లు, స్కూలు పిల్లలు, తోటపని వాళ్లు, సినిమా అభిమానులు ఒకరి పేజీ చూసి ఒకరు దిద్దుకున్నారు. ఆ దిద్దుళ్లన్నీ దాచిన జియోసిటీస్‌ని 2009లో మూసేశారు. కొంతమంది ఔత్సాహికులు పూనుకోబట్టి వాటిలో చాలా భాగం బతికింది.

కిటికీ ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు. రెండో సంగతి క్షమ. ట్యాగ్ తెరిచి మూయడం మర్చిపోయినా, ఒకదాని లోపల ఒకటి తప్పుగా ఇరికించినా బ్రౌజర్ పల్లెత్తు మాట అనదు. తనకి చేతనైనంతలో సర్దుకుని పేజీ చూపిస్తుంది. సీ ల్యాబులో తిట్లు తినొచ్చిన నాకు ఇది ఎంత ఊరటో చెప్పలేను. ఈ క్షమాగుణం కూడా ఒక దశలో పోబోయింది. 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని కొత్త ప్రమాణం వచ్చింది. దాన్ని నిజంగా ఎక్స్‌ఎంఎల్ లాగే పంపిస్తే, ఒక్క ట్యాగ్ తప్పినా పేజీకి బదులు ఎర్రర్ వస్తుంది. పద్ధతిగా రాయడం అలవాటవుతుందన్నది వాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అప్పటికే లోకంలో ఉన్న పేజీల్లో తప్పులకి లెక్క లేదు. 2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు విడిగా ఒక బృందంగా ఏర్పడి ఇంకో దారి పట్టారు. తప్పు రాస్తే పేజీని ఆపేయకుండా, తప్పుని అన్ని బ్రౌజర్లూ ఒకేలా ఎలా సర్దుకోవాలో అక్షరం అక్షరం రాసిపెట్టారు. అదే హెచ్‌టీఎంఎల్5లోకి వచ్చింది. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పని 2009లో ఆగిపోయింది. సాంకేతిక చరిత్రలో రాసేవాడి తప్పుకి కూడా చోటిచ్చిన తీర్పుల్లో ఇదొకటని నేననుకుంటాను.

ఈ కిటికీలోంచి నాకు కనిపించినవాటిలో మర్చిపోలేనిది ఒకటుంది. నెట్ సెంటర్‌లో ఒకరోజు తెలుగు దినపత్రిక పేజీ తెరిచి సోర్స్ చూశాను. వార్త తెలుగులో ఉంది. సోర్స్‌లో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య డాలర్లు, చుక్కలు, ఎక్కడా అర్థం లేని గజిబిజి. పేజీ పాడైందనుకున్నాను. చాలా రోజులకి గానీ తెలియలేదు. ఆ రోజుల్లో చాలా సైట్లు సొంత ఫాంటు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గడిలో తెలుగు అక్షరం బొమ్మని కూర్చోబెట్టేవి. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే గజిబిజి. కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు, అందుకే వెతికితే దొరకదు. నిజానికి 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 గళ్లు కేటాయించి పెట్టారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగుని చూపించగలిగింది. అయినా మన పేజీలు ఆ గళ్లలోకి చేరడానికి ఏళ్లు పట్టింది. ఇదంతా నాకు ఏ సిలబస్సూ చెప్పలేదు. రైట్ క్లిక్ చెప్పింది. పైకి కనిపించే భాష, లోపల ఉన్న భాష ఒకటి కానక్కర్లేదని పద్దెనిమిదేళ్ల వయసులో తెలుసుకోవడం చిన్న విషయం కాదు.

2010లో డిగ్రీ పట్టా పట్టుకుని అమీర్‌పేట వచ్చాను. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మధ్య ఒకచోట జావా కోర్సులో చేరి, జిరాక్స్ షాపులో నోట్సు కొనుక్కుని చదివాను. నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆ చదువే, దాన్ని తక్కువ చేయను. కానీ నోట్సులో ఉండేది ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నకి జవాబు. సోర్స్‌లో ఉండేది నా సొంత ప్రశ్న. రెండూ ఒకటి కాదు.

మరి కిటికీ ఎప్పుడు మూసుకుంది? ఎవరూ కక్షగట్టి మూయలేదు. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం పది రోజుల్లో రాసిన జావాస్క్రిప్ట్ మొదట్లో ఫారాలు సరిచూసే చిన్న చిన్న పనులు చేసేది. 2004లో జీమెయిల్, మరుసటి ఏడాది గూగుల్ మ్యాప్స్ వచ్చాక పేజీ కాస్తా అప్లికేషన్ అయింది. కోడ్ పెరిగింది. ఫోన్లలో తొందరగా తెరుచుకోవాలంటే ఫైలు చిన్నదవాలి కాబట్టి ఖాళీలు తీసేసి, పేర్లు ఒక్కో అక్షరానికి కుదించారు. 2013లో ఫేస్‌బుక్ నుంచి రియాక్ట్ వచ్చాక పేజీ మొత్తాన్ని బ్రౌజర్‌లోనే స్క్రిప్ట్ కట్టడం మామూలైపోయింది. ప్రతి అడుగుకీ ఒక న్యాయమైన కారణం ఉంది. వాటిలో చాలా అడుగులు నేనూ వేశాను, శభాష్ అనిపించుకున్నాను కూడా. ఆ పేజీ సోర్స్‌ని ఒక తొమ్మిదో తరగతి పిల్ల తెరిచి చూస్తుందేమో అన్న మాట మాత్రం ఏ మీటింగులోనూ రాలేదు. నేనూ ఎత్తలేదు.

ఈ తరానికి ఏమీ లేదని కాదు. తెలుగులోనే వీడియో పాఠాలున్నాయి. ఏ భాగం ఎక్కడుందో వేలు పెట్టి చూపించే పరికరాలు ప్రతి బ్రౌజర్‌లోనూ ఉన్నాయి. అడిగితే ఏఐ మొత్తం కోడ్ రాసిస్తుంది. మాకు 'ఎందుకు' అని అడగడానికి మనిషి ఉండేవాడు కాదు, వీళ్లకి ఉంది. పోయింది ఒకటే. నిజంగా లోకం వాడుతున్న వస్తువుని విప్పి చూసి, ఇది నేనూ చేయగలను అనుకునే అవకాశం. పాఠం కోసం తయారుచేసిన బొమ్మ ఇల్లు ఆ ధైర్యం ఇవ్వదు.

మా అమ్మాయికి చివరికి వేరే పేజీ చూపించాను. ప్రపంచంలో మొదటి వెబ్‌సైట్‌ని 2013లో సెర్న్ దాని పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టింది. సోర్స్ తెరిస్తే మొత్తం ఒక చూపులో అయిపోతుంది. అందులో నెక్స్ట్‌ఐడీ అని ఒక వింత ట్యాగ్ ఉంది. అదేంటని అడిగింది. బెర్నర్స్ లీ ఎడిటర్ లింకుల లెక్క కోసం తనకి తాను రాసుకున్న గుర్తు అది. మనుషులు చూడరనుకున్న చోట మిగిలిపోయింది.

అది కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టింది. హెడింగ్ తీసేసి తన పేరు తెలుగులో టైప్ చేసింది. బోల్డ్ ట్యాగ్ మూయడం మర్చిపోయింది, కింద ఉన్నదంతా లావెక్కిపోయింది. బ్రౌజర్ ఏమీ అనలేదు. తనే చూసుకుని, వెతుక్కుని, మూసింది. తర్వాత నేను చెప్పకుండానే రైట్ క్లిక్ చేసి తన పేజీ సోర్స్ తెరిచింది. పైన ఉన్న పేరే లోపలా ఉంది, తెలుగులోనే.

సోమవారం ఆఫీసుకెళ్లాక మా టీమ్‌లో ఒక మాట అడిగాను. పెద్ద సైట్‌ని ఎలాగూ మార్చలేం, కనీసం సహాయం పేజీలైనా స్క్రిప్ట్ అక్కర్లేకుండా మామూలు హెచ్‌టీఎంఎల్‌లో, చదవగలిగేలా పెడదామా అని. ఎందుకని అడిగారు. చూసేవాళ్లున్నారని చెప్పాను.