'కెన్', 'మే' పదాల చరిత్ర: ఉత్తరాంధ్రలో ఇంగ్లీషు బోధన, వ్యావహారిక భాషావాదం

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

- ఉత్తరాంధ్రలో ఇంగ్లీషు బోధనకూ వ్యావహారిక భాషోద్యమానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- 'కెన్', 'మే' అనే సహాయక క్రియలు సామర్థ్యాన్నీ సంభావ్యతనూ ఎలా తెలుపుతాయో తెలుగు వాడుకతో పోల్చి చెప్పగలుగుతారు.
- మాట అర్థాన్ని వాడుకలో వెతకడం ఎందుకు అవసరమో గుర్తించగలుగుతారు.

1.1 ప్రవేశిక

'కెన్ అంటే కలుగు, మే అంటే వచ్చును' అని మనలో చాలామంది బడిలో వల్లె వేసినవాళ్లమే. పరీక్షకు అది సరిపోయి ఉండవచ్చు. కాని నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ అర్థాలు మనకు అక్కరకు రావు. లోపం విద్యార్థి తెలివిలో ఉందా, బోధనలో ఉందా? ఇలాంటి ప్రశ్నే 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో తలెత్తింది. అది ఇంగ్లీషు తరగతితో ఆగలేదు. తెలుగు పిల్లలకు ఏ తెలుగు నేర్పాలన్న పెద్ద వాదానికి దారితీసింది.

1.2 నేపథ్యం: పాఠశాలలు, అనువాద పద్ధతి

నేటి జిల్లాల ఎల్లలను ఆనాటి కాలానికి వర్తింపజేయకండి. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలోనూ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. విజయనగరం మహారాజావారి విద్యాసంస్థ 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాల అయింది. గురజాడ అప్పారావు (1862-1915), శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) ఈ సంస్థలోనే చదువుకున్నారు. తరువాత గురజాడ అక్కడే అధ్యాపకులయ్యారు. గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు.

ఆ రోజుల్లో ఇంగ్లీషును ఎక్కువగా అనువాదం ద్వారా నేర్పేవారు. ముందు సూత్రం, తరువాత పదానికి అర్థం, ఆపైన వాక్యానికి తెలుగు. ఆ తెలుగు కూడా ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు, గ్రాంథికం. అంటే విద్యార్థి తెలియని భాషను మరో తెలియని భాష ద్వారా నేర్చుకోవాలి.

గ్రాంథికంలో 'రాఁగలఁడు' అనే రూపం తీసుకోండి. దానికి 'రావడానికి శక్తి ఉన్నవాడు' అనే అర్థంతో పాటు 'రాబోతున్నాడు' అనే భవిష్యదర్థం కూడా ఉంది. ఈనాటికీ కార్యాలయాల ప్రకటనల్లో 'గమనించగలరు' అని రాస్తారు. అది చదివేవారి సామర్థ్యం గురించి చెప్పిన మాట కాదు, దయచేసి గమనించండి అనే మనవి. ఇన్ని అర్థాలున్న 'కల'ను 'కెన్'కు ఏకైక అర్థంగా ఇస్తే విద్యార్థి తికమక పడక తప్పదు.

1.3 యేట్సు ప్రశ్న

ఈ పరిస్థితుల్లో జె.ఎ. యేట్సు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. భాషను సూత్రాలతో కాక, ఆ భాషలోనే మాట్లాడిస్తూ నేర్పే ప్రత్యక్ష పద్ధతిని ఆయన ప్రోత్సహించారు. ఐరోపాలో విల్హెల్మ్ వియెటర్ 1882లో ప్రారంభించిన సంస్కరణ వాదం, హెన్రీ స్వీట్ 1899లో ప్రకటించిన గ్రంథం అప్పటికే ఈ దిశగా బలమైన వాదన చేశాయి. జీవద్భాష అంటే ముందుగా నోటి మాట అన్నది ఆ వాదన సారం.

ఇంగ్లీషుకు ఈ మాట ఒప్పుకున్నాక తెలుగు విషయంలో కాదనడం ఎలా? తెలుగు తరగతుల్లో పిల్లలు చదివే భాషకూ బయట మాట్లాడే భాషకూ పొంతన లేకపోవడం యేట్సు గమనించారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారును సంప్రదించారు. ఆయన గిడుగు, గురజాడల పేర్లు సూచించారు. ఈ నలుగురి కలయిక ఉద్యమానికి నాంది అయింది.

గిడుగు అప్పటికే ఈ మార్గంలో నడిచినవారు. పర్లాకిమిడి పరిసరాల సవరల భాషను వారి నోటినుంచి విని నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే బడులు నడిపారు. ఏ పూర్వ వ్యాకరణమూ లేని భాషను వాడుక ఆధారంగానే వర్ణించాలని ఆ కృషి ఆయనకు నేర్పింది. గురజాడ 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ద్వారా మాట్లాడే తెలుగుకు ఎంత శక్తి ఉందో చూపారు.

1.4 రెండు భాషల్లో సామర్థ్యం, సంభావ్యత

వాడుకను గమనించడం అంటే ఏమిటో ఇప్పుడు 'కెన్', 'మే' పదాలతోనే చూద్దాం.

ప్రాచీన ఇంగ్లీషులో 'కెన్'కు మూలమైన క్రియకు 'తెలియు' అని అర్థం. 'మే'కు మూలమైన క్రియకు 'శక్తి కలిగి ఉండు' అని అర్థం. కాలక్రమంలో 'తెలుసు' అన్న మాట 'చేయగలను'గా మారింది. 'శక్తి ఉంది' అన్న మాట అనుమతి వైపు, సంభావ్యత వైపు జరిగింది. వ్యాకరణ సూత్రం ఈ మార్పును శాసించలేదు, జనం వాడుక చేసింది.

తెలుగులో 'వచ్చు' అనే క్రియ ఇలాంటి ప్రయాణమే చేసింది. 'నాకు ఈత వచ్చు' అంటే నేర్చిన విద్య. 'రేపు వాన రావచ్చు' అంటే సంభావ్యత. 'లోపలికి రావచ్చా?' అంటే అనుమతి. మొదటి వాక్యానికి ఇంగ్లీషులో 'కెన్' కావాలి, రెండో వాక్యానికి 'మే' కావాలి. మూడోదానికి మర్యాదగా 'మే', చనువుగా 'కెన్'. మొదటి వాక్యంలో మనం 'నాకు' అంటాం, ఇంగ్లీషులో 'నేను' అనాలి. మాటకు మాట అనువదించేవారు తడబడేది ఇక్కడే.

వ్యతిరేకార్థంలో తెలుగు మరింత స్పష్టంగా ఉంటుంది. 'రాలేడు' అంటే శక్తి లేదా వీలు లేదు. 'రాకపోవచ్చు' అంటే సందేహం. 'రాకూడదు' అంటే నిషేధం. చివరి రెంటికీ ఇంగ్లీషులో 'మే నాట్' ఒక్కటే వాడవచ్చు, సందర్భాన్ని బట్టి అర్థం గ్రహించాలి. శ్రీకాకుళం పల్లెల్లో 'రాలేను' అనే మాట 'రానేను'గా వినిపిస్తుంది. రూపం మారినా అర్థభేదం చెక్కుచెదరలేదు.

'కుడ్' విషయమూ ఇంతే. 'తాత చిన్నతనంలో నాగావళి ఈదగలిగేవాడు' అన్నది చాలాకాలం ఉన్న సామర్థ్యం. దీనికి 'కుడ్' సరిపోతుంది. 'నిన్న వరదలో ఒడ్డుకు చేరగలిగాడు' అన్నది ఒక్కసారి సాధించిన పని. ఇక్కడ ఇంగ్లీషువారు 'వాజ్ ఏబుల్ టు' అంటారు. 'గలిగేవాడు', 'గలిగాడు' అనే తేడా మీకు పుట్టుకతో తెలుసు. ఆ తెలివిడి మీద నిలబడి ఇంగ్లీషు నేర్చుకోవడం సులువు.

సంభావ్యతలోనూ ఒక సూక్ష్మభేదం ఉంది. వంశధారకు వరదలు వస్తూంటాయని సాధారణంగా చెప్పాలంటే 'కెన్' వాడతారు. ఈ రాత్రి వరద రావచ్చని అనుమానిస్తే 'మే' లేదా 'మైట్' వాడతారు. మొదటిది నది స్వభావం, రెండోది ఈ పూట అంచనా.

1.5 వాదం, ఫలితం

వ్యావహారిక భాషావాదుల కోరికను పై రెండు అర్థాలతోనే చెప్పవచ్చు. పిల్లలకు వచ్చిన భాషలో రాయవచ్చా? మొదటి 'వచ్చు' సామర్థ్యం, రెండోది అనుమతి. పిల్లలకు భాష వచ్చు, కాని ఆ భాషలో రాసే అనుమతి లేదు. రాయాలని శాసించిన గ్రాంథికమేమో చాలామందికి రాదు. చదువుకున్న కుటుంబాలనుంచి రాని పిల్లలకు ఈ అంతరం మరీ పెద్దది.

ప్రతిపక్షమూ బలమైనదే. భాష ప్రాంతానికొక తీరుగా చీలిపోతుందని, ప్రాచీన సాహిత్యం దూరమవుతుందని వారి భయం. జయంతి రామయ్య పంతులు ఆధ్వర్యంలో 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. మరుసటి ఏడు గురజాడ మరణించారు. గిడుగు వెనక్కి తగ్గలేదు. 1919లో 'తెలుగు' పత్రిక నడిపారు. అదే ఏడాది వీరేశలింగం అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. క్రమంగా పత్రికలు, ఆపైన పాఠ్యపుస్తకాలు వాడుక భాషకు మారాయి.

1.6 సారాంశం

ఇంగ్లీషును వాడుక ఆధారంగా నేర్పాలన్న ఆలోచన ఉత్తరాంధ్రలో తెలుగును కూడా అలాగే చూడాలన్న వాదానికి తోడ్పడింది. 'కెన్', 'మే', 'వచ్చు', 'గల' అనే మాటల అర్థాలు సూత్రంలో కాక సందర్భంలో నిర్ణయమవుతాయి. మీరు చదువుతున్న ఈ పాఠం వాడుక తెలుగులో ఉండడం ఆనాటి పోరాట ఫలితమే. మీ ఇంటి మాటను ఇంగ్లీషు నేర్చుకోవడానికి అడ్డంకిగా భావించకండి. అదే మీ మొదటి వ్యాకరణం.

1.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అనువాద పద్ధతిలో 'కెన్' పదాన్ని నేర్పడంలో వచ్చిన చిక్కులేమిటి?
2. 'రాలేడు', 'రాకపోవచ్చు', 'రాకూడదు': ఈ మూడింటి అర్థభేదాన్ని ఇంగ్లీషుతో పోల్చి రాయండి.
3. వ్యావహారిక భాషావాదంలో యేట్సు, గిడుగు, గురజాడల పాత్రను చర్చించండి.
4. మీ ఊరి వాడుకలో సామర్థ్యాన్నీ సంభావ్యతనూ తెలిపే ఐదేసి వాక్యాలు సేకరించి, వాటికి తగిన ఇంగ్లీషు వాక్యాలు రాయండి.