స్టూడియోలో పండిన వెన్నెల

ఎండాకాలం రాత్రుళ్లు నారాయణఖేడ్‌లో మా ఇంటిల్లిపాదీ మిద్దె మీదే పడుకునేవాళ్లం. పున్నమి నాడు ఊరి చుట్టూ ఉన్న నల్లరేగడి కూడా వెన్నెల తాగి తెల్లబడ్డట్టు కనిపించేది. అలాంటి ఒక రాత్రి నాయనమ్మ నాకు ‘మాయాబజార్’ కథ చెప్పింది. ఆమె ఆ సినిమాను డేరా టాకీసులో నేల మీద కూర్చుని చూసిందట. శశిరేఖ పెళ్లి, శకుని పాచికలు, ఘటోత్కచుడి లడ్డూలు అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చి, పడవ పాట దగ్గర ఆగిపోయింది. కాసేపు చంద్రుడి వైపు చూసి, “గా ఎన్నెల మన మిద్దె మీది ఎన్నెల కన్న సల్లగుండె బిడ్డా” అంది.

సినిమా వెన్నెల నిజం వెన్నెల కన్నా చల్లగా ఎలా ఉంటుందని అప్పుడు నవ్వాను. చాలా ఏళ్ల తర్వాత ఆ వెన్నెల పుట్టుక గురించి చదువుతూ పోతే తెలిసింది, డేరాలో ఆమె చూసినదాంట్లో చంద్రుడి వెలుగు ఒక్క కిరణం కూడా లేదని. చంద్రుడి వెలుగుతో సినిమా తీయడం ఆ రోజుల్లో ఎవరికీ సాధ్యం కాదు.

మా ఇంట్లో ఇష్టమైన సినిమాలంటే 1950ల సినిమాలే. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’, 1953 నాటి ‘దేవదాసు’, 1955 నాటి ‘మిస్సమ్మ’, అన్నిటికీ పైన 1957 నాటి ‘మాయాబజార్’. మా ఊరికి ఆ దశాబ్దం మరో విధంగా కూడా గుర్తుండిపోయేది. అప్పటిదాకా నారాయణఖేడ్ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో బీదరు జిల్లా కింద ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రం వైపు వెళ్లింది, మేం మెదక్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్ వాళ్లమయ్యాం. ఆ తర్వాత ఐదు నెలలకు, 1957 మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి మెలిసి బతికే మా వైపు బజార్లలో ఆ పడవ పాటకు మాత్రం భాష అడ్డం రాలేదని పెద్దవాళ్లు చెప్పుకునేవారు.

ఆ వెన్నెల కథ మొదలవ్వాలంటే చాలా వెనక్కి, చాలా దూరం పోవాలి.

1896. పారిస్ నగరంలో జార్జి మెలియే అనే గారడీ కళాకారుడు కొత్తగా సంపాదించిన కెమెరాతో నడివీధిని చిత్రిస్తున్నాడు. తిప్పుతుండగా ఫిల్ము ఇరుక్కుపోయింది. దాన్ని సరిచేసి మళ్లీ తిప్పడానికి కొద్ది సమయం పట్టింది. ఆ లోపల వీధిలో బళ్లు, మనుషులు మారిపోయారు. తర్వాత ఆ ఫిల్మును తెర మీద వేసి చూసేసరికి, పోతున్న బస్సు ఉన్నట్టుండి శవాన్ని మోసుకెళ్లే బండిగా మారిపోయింది! ఇది మెలియే స్వయంగా చెప్పుకున్న సంగతి. కెమెరా మొరాయించిన ఆ కాసేపే సినిమా మాయలకు తలుపు తీసింది. కెమెరా ఆపాలి, వస్తువు మార్చాలి, మళ్లీ తిప్పాలి. మనుషులు మాయం కావడం, ఒకరు మరొకరుగా మారడం అక్కడ మొదలైంది.

మన దేశంలో ఆ తలుపు తట్టినవాడు దాదాసాహెబ్ ఫాల్కే. బొంబాయిలో ఏసుక్రీస్తు జీవితం మీద వచ్చిన సినిమా చూస్తుంటే ఆయనకు కృష్ణుడు, రాముడు కళ్ల ముందు కదిలారట. అప్పటి నుంచి రోజుల తరబడి సినిమాలు చూసి చూసి కళ్లు దెబ్బతిని కొంతకాలం చూపే మందగించింది. వైద్యం చేయించుకుని మళ్లీ అదే పనిలో పడ్డాడు. 1912లో లండన్ వెళ్లి కెమెరా తెచ్చుకున్నాడు. పెట్టుబడి పెట్టేవాళ్లను నమ్మించడానికి ఆయన తీసిన మొదటి చిత్రం ఏమిటో తెలుసా? ఒక కుండీలో బఠానీ మొలక. అది పెరుగుతుంటే ఆగి ఆగి ఒక్కో బొమ్మ తీసుకుంటూ పోయాడు. తెర మీద వేస్తే రోజుల తరబడి పెరిగిన మొక్క నిమిషంలో లేచి నిలబడింది. ‘రాజా హరిశ్చంద్ర’కు డబ్బు పుట్టడానికి ఆ బఠానీ మొక్క సాయపడింది. 1919లో తీసిన ‘కాళీయమర్దనం’లో ఆయన తన చిన్న కూతురు మందాకినినే బాలకృష్ణుడిగా నిలబెట్టాడు.

మాయలు ఒక్కొక్కటే చేతికొస్తున్నాయి. వెన్నెల మాత్రం రావడం లేదు.

పున్నమి చంద్రుడి వెలుగు ఎండలో దాదాపు 4 లక్షల వంతు మాత్రమే. మన కళ్లకు చీకటికి అలవాటు పడే గుణం ఉంది కాబట్టి అంత తక్కువ వెలుగులోనూ మిద్దె మీద ఎదుటివాళ్ల ముఖం గుర్తుపడతాం. ఫిల్ముకు ఆ గుణం లేదు. మామూలు ఫొటో తీసేవాడైతే కెమెరాను కదలకుండా పెట్టి, నిమిషాల తరబడి వెలుగును లోపలికి రానిచ్చి ఎలాగో ఒక బొమ్మ పట్టుకోగలడు. సినిమా తీసేవాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది? సెకనుకు 24 బొమ్మలు పడాలి. ఒక్కో బొమ్మకు దక్కే సమయం సెకనులో సుమారు 48వ వంతు. అంతలో చంద్రుడు ఫిల్ము మీద రాయగలిగింది శూన్యం.

మూకీల రోజుల్లో దీనికి ఒక సులువు కనిపెట్టారు. పగలు తీసి, ఆ ముక్కను నీలం రంగులో ముంచేవారు. నీలం కనిపిస్తే రాత్రి అని ప్రేక్షకుడు అర్థం చేసుకోవాలి. అది రాత్రికి గుర్తే కానీ రాత్రి కాదు. ఆకాశం తెల్లగా వెలిగిపోతూనే ఉండేది. అప్పటి ఫిల్ముకు ఎరుపు కనపడదు, నీలం మీద మాత్రం విపరీతమైన ప్రేమ. అందుకని నటుల ఎర్రని పెదాలు నల్లగానూ, నీలాకాశం సున్నం కొట్టిన గోడలానూ పడేవి.

తర్వాత అన్ని రంగులనూ గుర్తించే ఫిల్ము వాడుకలోకి వచ్చింది. దానితో కొత్త ఉపాయం పుట్టింది. కెమెరా ముందు ఎర్ర అద్దం పెట్టి, వెలుగు తగ్గించి, మట్టమధ్యాహ్నమే రాత్రిని తీయడం. ఎర్ర అద్దం నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి ఆకాశం నల్లబడుతుంది. ఆహా అనుకునే లోపు ఇంకో చిక్కు. అదే అద్దం పెదాలను పాలిపోయేలా చేస్తుంది. ఎర్ర చీర తెల్లచీర అయిపోతుంది. నీడలేమో ఎండ నీడల్లానే కత్తితో గీసినట్టు పడతాయి. మామూలు కథలో రెండు నిమిషాల రాత్రికి సరిపోతుందేమో గానీ, ప్రేమికులు పడవలో పాడుకునే వెన్నెలకు అది పనికిరాదు.

ఇక్కడ మన కథలోకి మార్కస్ బార్ట్‌లీ వస్తారు. 1917లో పుట్టిన ఆంగ్లో ఇండియన్. పత్రికలకు ఫొటోలు తీసి, న్యూస్‌రీళ్లు తీసి సినిమాకు వచ్చినవాడు. 1945లో బి.ఎన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’కు కెమెరా పట్టారు. తర్వాత నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థలో చేరి ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’ తీశారు. న్యూస్‌రీలు తీసేవాడికి ఉన్న వెలుగులోనే పని ముగించుకోవడం అలవాటు. అలాంటి చేతులే కావలసిన వెలుగును కల్పించడంలో మన దేశానికి దారి చూపడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

‘మాయాబజార్’ దర్శకుడు కె.వి. రెడ్డిగారు మరో రకం మనిషి. కాగితం మీద సినిమా మొత్తం పూర్తయితే గానీ కెమెరా దగ్గరికి వచ్చేవారు కారు. ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో స్టాప్‌వాచి పట్టుకుని ముందే లెక్క కట్టేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతారు. ‘మాయాబజార్’ ముందస్తు పనికి, నటుల ఎంపికకు దాదాపు ఏడాది పట్టింది. ఆ పెళ్లి కథ తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. 1936లోనే ఒక ‘మాయాబజార్’ వచ్చింది. అందరికీ తెలిసిన కథను ఎవరూ చూడనట్టు చూపించాలన్నది ఆయన పంతం.

అడ్డంకులు కూడా తక్కువేం కాదు. ఖర్చు అంచనా పెరిగిపోయేసరికి ఒక దశలో పని ఆగింది. మళ్లీ నచ్చజెప్పుకుని మొదలుపెట్టారు. కృష్ణుడు వేయమంటే ఎన్.టి. రామారావుగారు వెనకాడారు. 1956లో ‘సొంత ఊరు’లో కాసేపు కృష్ణుడిగా కనిపించి చేదు అనుభవం చూసినవాడాయన. రెడ్డిగారు పట్టు వదల్లేదు. వేషం మీద, నడక మీద, నిలబడే తీరు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టించారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావుగారి చేతిలో మొదలై, ఆయన కొన్ని పాటలకు వరసలు కట్టి తప్పుకోవడంతో ఘంటసాలగారి చేతిలో పూర్తయింది. పడవ పాట వరస రాజేశ్వరరావుగారిదే. ఇద్దరి చేతులు పడ్డ పాట అని వింటే అనిపించదు.

స్టూడియోలో ద్వారకను కట్టారు. 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో సుమారు 300 బుల్లి ఇళ్లు, ఒక్కోటి ఒక్కో తీరు. వాటిలో దీపాల వెలుగును బార్ట్‌లీ స్వయంగా అమర్చారు. గోఖలే, కళాధర్ కళాదర్శకులు. వడ్రంగులు, రంగులు వేసేవాళ్లు, లైట్‌బాయ్‌లు కలిపి 400 మంది దాకా పనిచేశారు.

ఆ రోజుల్లో ఒకే బొమ్మలో రెండు వింతలు కనపడాలంటే కెమెరాలోనే ఆ పని జరిగిపోవాలి. కటకం ముందు సగం భాగాన్ని నల్ల అట్టతో మూసి ఒకసారి తీస్తారు. ఫిల్మును మొదటికి తిప్పి, మూసిన సగం తెరిచి, తీసిన సగం మూసి మళ్లీ తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు భాగాల మధ్య గీత కనపడుతుంది. నటుడు రెండోసారి తడబడితే మొదటిసారి పడ్డ కష్టం కూడా పోయినట్టే. ఫలితం ఏమిటో ఫిల్ము కడిగి చూస్తే గానీ తెలియదు. ఈ రోజు కంప్యూటరు ముందు తప్పును వెంటనే చెరిపేసుకునే మనకు, కడిగిన ఫిల్ము వచ్చేదాకా బిగపట్టుకున్న ఆ ఊపిరి ఎలాంటిదో తెలిసే అవకాశం లేదు. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడు వేసిన ఎస్.వి. రంగారావుగారి నోట్లోకి వెళ్తుంటే డేరాలో పిల్లలు కేరింతలు కొట్టారని నాయనమ్మ చెప్పేది. ఆ కేరింతల వెనక ఆ ఊపిరి ఉంది.

ఇక వెన్నెల. పడవలో మొదట అభిమన్యుడు, శశిరేఖ. తర్వాత కృష్ణుడు, రుక్మిణి. ఆ తర్వాత బలరాముడు, రేవతి. మూడు జంటల మీదా ఒకే చంద్రుడు కాయాలి. ఆలోచించి చూస్తే ఇది ఎంత పెద్ద ముడో తెలుస్తుంది. నీళ్ల మీద వెన్నెల తళుకు మనకు కనపడాలంటే చంద్రుడు మనకు ఎదురుగా, అంటే పడవలో ఉన్నవాళ్ల వెనక ఉండాలి. అప్పుడు వాళ్ల ముఖాలు చీకట్లో పడిపోతాయి. అభిమన్యుడు వేసిన నాగేశ్వరరావుగారి చిరునవ్వు, శశిరేఖ వేసిన సావిత్రిగారి కళ్లు కనపడని పాట ఎవరికి కావాలి? ముఖాల మీదికి దీపం తిప్పితే అది దీపమని తెలిసిపోతుంది, వెన్నెల చచ్చిపోతుంది. చూసేవాడికి దీపమన్న అనుమానం రాకుండా ముఖం వెలగాలి. దాని కన్నా కొంచెం ఎక్కువగా నీళ్లు మెరవాలి. వాటి వెనక రాత్రి రాత్రిలానే ఉండాలి. ఏది ఒక పాలు ఎక్కువైనా మిగతా రెండూ అబద్ధమైపోతాయి.

బార్ట్‌లీ చేసిందేమిటంటే, మద్రాసుకు ఉత్తరాన ఎన్నూరు దగ్గర ఆరుబయట నీళ్ల మీద ఆ పాటకు తీసింది పది సెకన్ల ముక్క. మిగతా వెన్నెలంతా స్టూడియో కప్పు కింద, కరెంటు దీపాలతో పండించినదే. ఆ పది సెకన్లకూ మిగతా పాటకూ మధ్య అతుకు తెలియకూడదు. బయటి నీటి మెరుపు ఎంతో, లోపలి మెరుపు అంతే. మన దేశపు సినిమాలో వెన్నెలను ఇలా కల్పించడం ఇదే మొదలని ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డిగారు అంటారు. సావిత్రిగారు తల తిప్పిన ప్రతిసారీ వెలుగు మెత్తగా జారడం చూస్తే, దీపాలను ఎన్నిసార్లు జరిపి జరిపి చూసుకుని ఉంటారో ఊహించుకోగలం.

సినిమా తెలుగులో మార్చిలో, తమిళంలో ఏప్రిల్‌లో వచ్చింది. బార్ట్‌లీ ఆ తర్వాత కేరళ సముద్రతీరానికి వెళ్లి 1965లో ‘చెమ్మీన్’ తీశారు. అందులో సముద్రమంతా నిజం సముద్రమే, ఎండంతా నిజం ఎండే.

2010లో ‘మాయాబజార్’కు హైదరాబాదులో రంగులు వేశారు. గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్లు 160 మందికి పైగా సాంకేతిక నిపుణులను పెట్టి నెలల తరబడి శ్రమించారు. కొన్ని పాటల ప్రింటు బాగా దెబ్బతిని ఉండడంతో వాటిని వదులుకోవలసి వచ్చింది. జనవరి 30న విడుదలైతే నేను చూశాను. ఆ శ్రమకు దండం పెట్టాను. పడవ పాట మాత్రం నాకు ఇప్పటికీ నలుపు తెలుపుల్లోనే కావాలి. వెన్నెల్లో రంగులు కనపడవు కదా. మిద్దె మీద నాయనమ్మ చీర రంగు నాకెప్పుడూ తెలిసేది కాదు.

ఆ పది సెకన్లు పాటలో ఎక్కడున్నాయో పట్టుకోవాలని కొన్నాళ్లుగా నా పంతం. సెలవులకు ఖేడ్ వెళ్లినప్పుడు పిల్లలను కూర్చోబెట్టుకుని, పాట పెట్టి, ఎన్నూరు నీళ్లు వచ్చాయనిపించగానే చెయ్యి ఎత్తమంటాను. మొదటిసారి మా చిన్నది ఒక చోట ఎత్తింది, పెద్దవాడు మరో చోట. నేను ఇంకో చోట అనుకున్నాను. మళ్లీ పెట్టాం. ఈసారి కృష్ణుడు, రుక్మిణి పడవ ఎక్కేసరికే ముగ్గురం చేతులు ఒళ్లో పెట్టుకుని పాటలో పడిపోయాం.