కృష్ణా డెల్టాలో కోళ్ళ ఫారాలు - న్యూసెన్సు వివాదాలు

కోళ్ళను, పశువులను పెంచే స్థలాల నుండి వెలువడే దుర్వాసన, ఈగలు, మురుగునీటి వలన పెంపకందారులకు, పొరుగు నివాసితులకు మధ్య ఏర్పడే తగాదాలను న్యూసెన్సు వివాదాలు అంటారు. విజయవాడ పరిసరాలలోను, కృష్ణా డెల్టాలోను కోళ్ళ ఫారాలకు సంబంధించిన వివాదాలు ఈ కోవకు చెందినవి.

నేపథ్యం

గుడ్ల ఉత్పత్తిలో దేశంలోని ముఖ్య రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ధరలు ప్రకటించే కేంద్రాలలో విజయవాడ ఉన్నది. డెల్టా అంచున నూజివీడు, హనుమాన్ జంక్షన్ ప్రాంతాలలో కోళ్ళ పెంపకం జరుగుతున్నది. ఒకప్పుడు ఊరికి దూరంగా పొలాల మధ్య కట్టిన ఫారాల దగ్గరకు నగర విస్తరణతో ఇళ్ళ స్థలాల వెంచర్లు చేరినవి. 2014లో రాష్ట్ర విభజన జరిగి, అమరావతిని రాజధానిగా ఎంపిక చేసిన తరువాత విజయవాడ చుట్టూ భూములకు గిరాకీ పెరిగినది.

కారణాలు

గుడ్లు పెట్టే కోళ్ళను ఎత్తైన షెడ్లలో, పంజరాలలో పెంచుతారు. పెంట క్రింద పోగుపడి నెలల తరబడి ఉంటుంది. అందులోని యూరిక్ ఆమ్లం విచ్ఛిన్నమై అమ్మోనియా వాయువు వెలువడుతుంది. వర్షం వలనగాని, నీటి గొట్టాల కారుడు వలనగాని పెంట తడిసినప్పుడు ఈగలు గుడ్లు పెడతాయి. వెచ్చని వాతావరణంలో వారం, పది రోజులలోనే కొత్త తరం ఈగలు పుడతాయి. పెంటను పొడిగా ఉంచటం, సున్నం చల్లటం, సకాలంలో తరలించటం వీటికి నివారణ మార్గాలు. ఈ పెంట పొలాలకు, చేపల చెరువులకు ఎరువుగా వెళ్తుంది. డెల్టా గ్రామాలలో మంచినీటి చెరువులను కాలువ నీటితో నింపుతారు కనుక, కాలువ గట్టున ఉన్న ఫారం నుండి మురుగు కలిస్తే సమస్య వాసనతో ఆగదు.

చట్టం

పలువురికి బాధ కలిగించే న్యూసెన్సును తొలగించవలసినదిగా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చును. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను అమలులోకి వచ్చినది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షను క్రింద ఇద్దరు లేక అంతకు మించినవారు కోర్టు అనుమతితో దావా వేయవచ్చును. నిధుల కొరత సాకుతో పురపాలక సంఘం బాధ్యత తప్పించుకొనరాదని 1980లో రత్లాం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020లో ఇచ్చిన ఆదేశం తరువాత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలను సవరించినది. వాటి ప్రకారం కొత్త ఫారం నివాస ప్రాంతానికి 500 మీటర్లు, నదులు, చెరువులు, కాలువలకు 100 మీటర్ల దూరంలో ఉండటం మంచిది. 5,000కు మించి కోళ్ళు ఉన్న ఫారాలు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందవలెను.

ముందు వచ్చినది ఎవరు?

"మేము ముందు నుండి ఉన్నాము, మీరే వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు" అన్నది రైతుల వాదన. ఇంగ్లండులో 1879 నాటి స్టర్జెస్ - బ్రిడ్జ్‌మన్ కేసులో ఇటువంటి వాదనను కోర్టు అంగీకరించలేదు. న్యూసెన్సు ఉన్న చోటికి తరువాత వచ్చినంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదన్నది ఈ సూత్రం. అయితే ఇందులో ఒక లోటు ఉన్నది. దూరపు నిబంధన కొత్త ఫారానికి వర్తిస్తుంది గాని, పాత ఫారం పక్కన వెంచరు వేయటాన్ని ఆ మార్గదర్శకాలు ఆపవు. స్థలాలు అమ్మినవారు లాభంతో వెళ్ళిపోగా, అప్పు చేసి షెడ్డు కట్టిన రైతు, అప్పు చేసి ఇల్లు కట్టిన నివాసి మిగులుతారు. అందువలన లేఅవుటుకు అనుమతి ఇచ్చే దశలోనే సమీపంలోని ఫారాలను పరిగణనలోకి తీసుకొనటం ఇరువర్గాలకు మేలు.