కలకత్తా నుంచి చెన్నపట్నం: తూర్పు తీరపు బాట, దాని మజిలీలు

కలకత్తా నగరానికి ఈశాన్యాన, ఒకప్పుడు వరిపొలాలు, చేపల చెరువులు పరచుకొని ఉన్న రాజర్‌హాట్ పల్లెల నేలమీద న్యూ టౌన్ అనే కొత్త నగరం వెలసింది. దాని నిర్మాణభారం వహించిన హిడ్కో సంస్థ 1999లో ఏర్పడింది. అక్కడి నుంచి వేకువనే కారులో బయలుదేరి, హుగ్లీ నదిమీద 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు దాటిన ప్రయాణికుడికి కొద్దిసేపటిలోనే పదహారవ నంబరు జాతీయ రహదారి అందుతుంది. ఈ రహదారి బాలాసోర్, కటక్, బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ, నెల్లూరుల మీదుగా 1,700 కిలోమీటర్ల పైచిలుకు సాగి చెన్నై చేరుతుంది. తొందరపడితే రెండు మూడు రోజుల ప్రయాణం. చిలకసరస్సు అంచున ఒక పూట, కళింగపట్నం ఇసుకలో ఒక సాయంత్రం, భీమునిపట్నంలో ఒక రాత్రి గడపదలచినవారికి వారం రోజులైనా చాలవు.

ఈ బాటను మజిలీ మజిలీగా తెలుగులో నమోదు చేసిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న, వికృతి నామ సంవత్సరంలో, దాదాపు నూరుమంది పరివారంతో కాశీయాత్రకు బయలుదేరారు. పోయేటప్పుడు కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా మెట్టదారిని పోయి, కాశీ, గయ సేవించి, కలకత్తా చేరి, తిరుగుదారిగా సముద్రతీరపు బాటను ఎన్నుకున్నారు. దారిపొడుగునా తాను చూచినవి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు జాబులుగా రాసిపంపగా, ఆయన వాటిని కూర్చి 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. అప్పటికి రెండేళ్ళ కిందటనే వీరాస్వామయ్య కాలధర్మం చెందారు. ఆ గ్రంథాన్ని 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి మళ్ళీ వెలువరించకపోతే ఈ తరానికి అది అందేది కాదేమో.

ఆ పుస్తకం విలువ క్షేత్రమాహాత్మ్యంలో లేదు. ఊళ్ళో నీళ్ళు మంచివా కావా, అంగళ్ళు ఉన్నాయా, డేరాలు వేయడానికి చోటుందా, ముందున్న దారి ఇసుకా బురదా, ఏరు దాటడానికి పడవ దొరుకుతుందా అన్న చిన్న విషయాలలో ఉన్నది. పల్లకి మోసే బోయీల పాదాలకు తగిలే రాయికి కూడా అందులో చోటుంది. పాలకుల దస్తావేజులలో పన్నుల లెక్కగా మాత్రమే కనబడే పల్లెలు ఇక్కడ మనుషులు కాపురమున్న పల్లెలుగా కనబడతాయి.

కలకత్తా నుంచి పూరీ వరకు గల భాగానికి జగన్నాథ రహదారి అని పేరు. 1803లో ఒరిస్సా మరాఠాల చేతినుంచి ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. అటుపిమ్మట యాత్రికుల సౌకర్యార్థం ఈ బాట వేయడానికి కలకత్తాకు చెందిన రాజా సుఖమయ్ రాయ్ లక్షన్నర రూపాయలు విరాళమిచ్చారు. అదే కంపెనీ 1806లో పూరీ యాత్రికుల మీద పన్ను విధించి, 1840 వరకు వసూలు చేసింది. ఒకచేత్తో దారి వేసి, రెండవచేత్తో దారి చివర సుంకం పట్టిన ఈ వైనం కంపెనీ పాలనా స్వభావానికి తగినట్టే ఉన్నది. ఉత్తరాన్నుంచి వచ్చినవారు అఠారానాలా వంతెన దగ్గర పన్ను చెల్లించి పురప్రవేశం చేసేవారు.

పూరీ సముద్రపుటొడ్డున తెలుగు వినబడుతుంది. నోలియాలని అక్కడివారు పిలిచే మత్స్యకారుల మాతృభాష తెలుగు. గోపాలపూర్ తీరంలోనూ అంతే. భాషా సరిహద్దులు భూమిమీద గీసినంత సులభంగా అలలమీద గీయలేరు. పూరీకి దక్షిణాన పూర్వపు యాత్రికులు ఎడమచేతివైపు సముద్రం, కుడిచేతివైపు చిలకసరస్సు ఉండగా మధ్యనున్న ఇసుకతిన్నెల మీదుగా మాణిక్యపట్నం దారిని నడిచేవారు. నేటి రహదారీ రైలుమార్గమూ సరస్సుకు పడమటి ఒడ్డున, కొండల పాదాలనంటి పోతాయి. రంభ వద్ద కారు ఆపి చూస్తే దీవులతో నిండిన నీలజలం కంటి చూపు ఆనినంతమేర కనబడుతుంది. సరస్సుకు దక్షిణాన ఉన్న పాలూరును టాలెమీ పేర్కొన్న పలౌరా రేవుగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి మళ్ళేది ఆ ప్రాంతం నుంచేనట.

ఋషికుల్య మొగలో ఉన్న గంజాం ఒక జిల్లాకు పేరిచ్చిన ఊరు. 1815లో చెలరేగిన జ్వరాలకు జనం కుప్పకూలగా అధికారులు దానిని వదలిపోయారు. వీరాస్వామయ్య ఈ దారిన వచ్చేనాటికి ఆ విపత్తు జరిగి పదహారేళ్ళు మాత్రమే అయింది. ఇదే నది ఒడ్డున, కొంత ఎగువన, జౌగడ వద్ద అశోకుని శిలాశాసనం నేటికీ నిలిచి ఉన్నది.

ఇచ్ఛాపురం దగ్గర ఈనాడు ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. ఈ సరిహద్దు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా చీలినప్పటిది. అంతకుముందు శతాబ్దాల తరబడి రెండు భాషలూ ఒకే సంతలో బేరమాడుకున్నాయి. 1510లో చైతన్యమహాప్రభువు పూరీనుంచి బయలుదేరి శ్రీకూర్మం, సింహాచలం సేవించి, గోదావరి తీరంలో రామానందరాయలను కలుసుకున్నది ఈ బాటమీదనే. వంగదేశపు వైష్ణవానికి గోదావరి ఒడ్డు పుణ్యభూమి అయిందంటే అందుకు ఆ సమావేశమే కారణం. ఆరేళ్ళ తర్వాత, 1516లో, కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో సింహాచలం వచ్చి శాసనం వేయించాడు. సన్యాసీ సైన్యమూ నడిచింది ఒకే దారిన.

వంశధార మొగలోని కళింగపట్నం, గోస్తనీ మొగలోని భీమునిపట్నం ఒకనాటి రేవులు. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. 1825లో ఆ ఊరు ఆంగ్లేయుల పరమైంది. విశాఖనుంచి భీమిలి వరకు గల తీరపుదారి అందచందాలను అందరూ పొగడుతారు. తొట్లకొండ, బావికొండల మీది బౌద్ధారామాలను, ఎర్రమట్టి దిబ్బలను ఆగి చూచేవారు మాత్రం తక్కువ. గోదావరి పాయల చెంతనున్న కోరంగి కథ విషాదకరం. తెలుగు కూలీలను, నావికులను బర్మాకు సాగనంపి, అక్కడ తెలుగువారందరికీ తన పేరే అంటగట్టిన ఆ రేవును 1839 నవంబరు తుపాను తుడిచిపెట్టింది. జాందానీ చీరలకు పేరుగన్న ఉప్పాడను సముద్రం ఇంకా కోస్తూనే ఉన్నది. కాకినాడనుంచి అక్కడికి పోయే తీరపురోడ్డుకు రాళ్ళు పేర్చి కాపుకాసినా, తుపాను వచ్చినప్పుడల్లా అలలు దానిమీదికే వస్తాయి.

1831లో గోదావరికి గాని, కృష్ణకు గాని ఆనకట్ట లేదు, వంతెనా లేదు. రెండు నదులనూ పడవలమీద దాటి వీరాస్వామయ్య పరివారం దక్షిణానికి సాగింది. నడిచేవాడికి అన్నమూ నీడా కావాలి గనుక సత్రాలు పుట్టాయి. రైలు వచ్చాక వాటి అవసరం తగ్గింది. 1890 దశకంలో తూర్పుతీరపు రైలుమార్గం పూర్తయిన తర్వాత ఎన్నో మజిలీ ఊళ్ళు బాటసారిని మరచిపోయాయి. నాలుగు వరుసల రహదారి వచ్చాక, ఊరు చుట్టివచ్చే కొత్త దారులవల్ల, ఊరి పేరు పచ్చపలక మీద తప్ప కనబడడం లేదు.

1831 సెప్టెంబరు 3న, పదిహేను నెలల పదిహేను రోజుల యాత్ర ముగించుకొని, వీరాస్వామయ్య చెన్నపట్నంలో అడుగుపెట్టారు. అది ఖర నామ సంవత్సరం. మరుసటి ఏడు నందనలో వానలు తప్పాయి. 1833 నాటికి కరువు గుంటూరు సీమను కబళించింది. ఆ జిల్లా ఐదు లక్షల జనాభాలో రెండు లక్షలమంది దాకా మరణించారని అంచనా. డొక్కల కరువని ప్రజలు దానికి పేరు పెట్టుకున్నారు. కృష్ణ దాటిన తర్వాత నెల్లూరు వైపు సాగిన మజిలీలను రాసేటప్పుడు, ఆ నేలమీద రానున్న ఆపద వీరాస్వామయ్యకు తెలియదు. ఈ ఊళ్ళో బావి ఉన్నది, ఆ ఊళ్ళో అంగళ్ళున్నాయి అంటూ మామూలుగానే రాసుకుపోయారు.