1954వ సంవత్సరము: ఐరోపా షడ్రాజ్య సమాజము, ఫ్రాన్సు, యానాం

యానాం పట్టణమున ఫ్రెంచి పరిపాలన 1954 జూన్ 13వ తేదీన అంతరించెను. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున విలీనవాదులు ఆనాడు పాలనను స్వాధీనము చేసికొనిరి. దానికి ముందటి దినమున, అనగా జూన్ 12న, పారిస్ జాతీయసభలో జోసెఫ్ లానియెల్ మంత్రివర్గము 293 ఓట్లకు ప్రతిగా 306 ఓట్లతో ఓడిపోయి యుండెను. ఈ రెండు ఘటనలలో ఒకటి రెండవదానికి కారణమని చెప్పుట సాహసము. గోదావరీతీరపు ఉద్యమమునకు తనదైన చరిత్ర, తనవారైన నాయకులు కలరు. అయినను ఆ వారమున యానాం విషయమై నిర్ణయము గైకొనవలసిన ప్రభుత్వము పారిస్‌లో నిలకడగా లేకుండెనన్నది మాత్రము నిజము. యానాం కథను భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో నొక ప్రకరణముగా చెప్పుట పరిపాటి. అది సమంజసమే. కాని పారిస్ వైపునుండి చూచినచో, అదే సంవత్సరము ఐరోపా రాజ్యముల సమాజమునకు కూడ పరీక్షా సంవత్సరమై కన్పించును. ఫ్రాన్సు తన సార్వభౌమాధికారమును ఎచ్చట విడిచిపెట్టగలదు, ఎచ్చట విడువలేదు అను ప్రశ్న ఆ యేట రెండు దిక్కుల నుండియు ఒక్కసారిగా వచ్చిపడినది.

ఆ యేడాది ఫ్రెంచివారిని నిద్రపోనీయని సమస్య యానాం కాదు, పుదుచ్చేరియు కాదు, జర్మను సైనికుడు. దీనికి పూర్వరంగము కొంత తెలియవలెను. 1951 ఏప్రిల్ 18న పారిస్ సంధి వలన ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు అను ఆరు దేశములు తమ బొగ్గును, ఉక్కును ఒక ఉమ్మడి అధికారమునకు అప్పగించెను. ఫిరంగికి ఉక్కు కావలెను, ఉక్కునకు బొగ్గు కావలెను. ఈ రెంటిపై ఏ యొక్క దేశమునకును స్వతంత్రాధికారము లేనిచో వానిలో వానికి యుద్ధము సాధ్యము కాదని ఆ యేర్పాటులోని తర్కము. దాని ఉన్నతాధికార మండలి 1952 ఆగస్టులో లక్సెంబర్గు నగరమున కొలువుదీరెను. జాఁ మొనే ప్రథమాధ్యక్షుడు.

ఇంతలో కొరియా యుద్ధము వచ్చెను. జర్మనులు కూడ ఐరోపా రక్షణకు సైనికుల నీయవలెనని అమెరికా పట్టుపట్టెను. 1940లో తమ రాజధాని వీథులలో కవాతు చేసిన సైన్యమును మరల కన్నులజూచుటకు ఫ్రెంచివారు సిద్ధముగా లేరు. ఆ యిరుకునుండి బయటపడుటకై ప్రధాని రెనే ప్లెవెన్ 1950 అక్టోబరు 24న ఒక ఉపాయము చెప్పెను. జర్మను సైనికులుందురు గాని జర్మను సైన్యముండదు. అన్ని దేశముల దళములును ఒకే యధికారము క్రింద ఐరోపా సైన్యముగా నుండును. ఆరు దేశములును 1952 మే 27న దానిపై సంతకములు చేసెను. ఐరోపా రక్షణ సమాజమని దానికి పేరు. అది ఫ్రాన్సు కన్న బిడ్డ; దానిని కడతేర్చినదియు ఫ్రాన్సే.

పశ్చిమ జర్మనీ పార్లమెంటు 1953లోనే సంధి నామోదించెను. 1954 వసంతము గడచులోపల నెదర్లాండ్సు, బెల్జియము, లక్సెంబర్గు ధ్రువీకరణములును పూర్తి యయ్యెను. ఇటలీ ట్రియెస్టు నగరపు తగవు తేలువరకును, ఫ్రాన్సు ఏమి చేయునో తెలియువరకును వేచియుండెను. ఫ్రాన్సులో రెండేండ్లపాటు వరుసగా వచ్చిన మంత్రివర్గములలో ఏదియు ఆ సంధిని సభ ముందుంచుటకు సాహసింపలేదు.

మే 7న వియత్నాములోని దియెన్ బియెన్ ఫూ కోట పడిపోయెను. ఫ్రెంచి సామ్రాజ్యమునకు అది చావుదెబ్బ. లానియెల్ పతనానంతరము పియేర్ మెండెస్ ఫ్రాన్సు ప్రధాని యయ్యెను. జూలై 20 లోపల ఇండోచైనాలో సంధి కుదుర్చనిచో రాజీనామా చేసెదనని ఆయన సభకు మాట యిచ్చెను. ఆ గడువు మీద జెనీవాలో సంధి కుదిరెను. జూలై 16న మాహే నుండి ఫ్రెంచి పాలకులు నిష్క్రమించిరి. జూలై 31న ఆయన ట్యునీసియాకు వెళ్లి, ఆ దేశమునకు అంతరంగిక స్వపరిపాలనను వాగ్దానము చేసెను. నెల పదునైదు దినములలో ఇన్ని ముడులు విప్పిన చేతికి రక్షణ సమాజపు ముడి మాత్రము లొంగలేదు.

ఆగస్టు 19 నుండి 22 వరకు బ్రసెల్సులో ఆరుగురు మంత్రులు సమావేశమైరి. మెండెస్ ఫ్రాన్సు కోరిన సవరణలను తక్కిన యైదుగురును అంగీకరింపలేదు. ఆ సభ మొదలైన నాడే, ఈ సమాజమునకై అందరికంటె ఎక్కువగా పాటుపడిన వారిలో నొకడైన ఇటలీ మాజీ ప్రధాని అల్చీడె దె గాస్పెరి మరణించెను. ఆగస్టు 30న పారిస్ జాతీయసభ తీర్పు చెప్పెను. తమాషా యేమన, సంధి మంచిచెడ్డలపై ఓటింగు జరుగనే లేదు. చర్చను ముందుకు సాగనీయరాదను ప్రాథమిక తీర్మానమునే 264 ఓట్లకు ప్రతిగా 319 ఓట్లతో సభ నెగ్గించెను. సంధి అంతటితో సమాధి యయ్యెను. కమ్యూనిస్టులును, దెగాల్ అనుచరులును కలిసి ఒకే వైపు ఓటు వేసిరి. సోషలిస్టులు రెండుగా చీలిరి. మంత్రులు తటస్థముగా నుండిరి. సంధిని తీవ్రముగా ఖండించిన యెడ్వర్డ్ హెరియో 82 ఏండ్ల వృద్ధుడు. వేదిక నెక్కలేక తన స్థానము నుండియే మాట్లాడెను. 1925లో ప్రధానిగా నుండి ఐరోపా సంయుక్త రాష్ట్రములు రావలెనని కోరినవాడును ఈ హెరియోయే. ఆయన మాట మార్చెనని నిందించుట సులభము. తన దేశపు సైన్యము తన దేశపు ఆజ్ఞలో లేకుండుట ఆ తరము వారికి ఎంతటి దుర్భరమైన ఊహయో ఆలోచించినచో, నిందించుట అంత సులభము కాదు.

చీలిన గోడకు బ్రిటిష్ విదేశాంగమంత్రి ఆంటొనీ ఈడెన్ అతుకు వేసెను. లండనులో సెప్టెంబరు 28న మొదలైన సంప్రదింపులు అక్టోబరు 23 నాటి పారిస్ ఒడంబడికలతో ముగిసెను. 1948 నాటి బ్రసెల్స్ సంధిలో పశ్చిమ జర్మనీని, ఇటలీని చేర్చి పశ్చిమ ఐరోపా సమితిని నెలకొల్పిరి. ఆ సంస్థ 2011లో రద్దయినది. జర్మనీ నేటో కూటమిలో చేరుటకు మార్గము తెరచిరి. అణ్వాయుధములను తయారు చేయమని అడెనావర్ హామీ యిచ్చెను. తన దళములను ఐరోపా ఖండమున నిలిపియుంచుటకు బ్రిటన్ ఒప్పుకొనెను. జర్మను సైన్యము లేని సంధిని త్రోసిపుచ్చిన ఫ్రెంచి సభ, డిసెంబరు 30న, 260 ఓట్లకు ప్రతిగా 287 ఓట్లతో, జర్మను సైన్యమునకు తావిచ్చు ఒడంబడికను ఆమోదించెను!

భారతదేశములోని ఫ్రెంచి స్థావరముల తీర్పు సరిగా ఈ రెండు ఓటింగుల నడుమనే పడినది. అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమై, 170 మంది భారతదేశముతో విలీనమునకు ఓటు వేసిరి. 21న ఢిల్లీలో ఒప్పందము జరిగెను. దానికి రెండు దినముల తరువాతనే పారిస్ ఒడంబడికలు. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం పాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. సరిగా అదే నవంబరు 1న అల్జీరియాలో సాయుధ తిరుగుబాటు మొదలయ్యెను. అల్జీరియా తన దేశములో అంతర్భాగమని ఫ్రాన్సు వాదము. అందువలన అచ్చట ఎనిమిదేండ్లు రక్తము పారినది. షడ్రాజ్యములలో మరియొకటైన నెదర్లాండ్సు, డిసెంబరు 15న సురినాము, ఆంటిలీసు ద్వీపములకు రాజ్యములో సమాన భాగస్వామ్యమిచ్చు శాసనమునకు రాజముద్ర వేసెను.

ఈ కోలాహలములో లక్సెంబర్గులో జరిగినదానిని గమనించినవారు తక్కువ. రక్షణ సమాజము కూలిన తరువాత, పదవిలో కొనసాగనని మొనే నవంబరులో ప్రకటించెను. డిసెంబరు 21న బొగ్గు-ఉక్కు సమాజపు న్యాయస్థానము తన మొదటి తీర్పు వెలువరించెను. వాది ఫ్రెంచి ప్రభుత్వము. ప్రతివాది ఉన్నతాధికార మండలి. ఉక్కు ధరల పట్టికలకు సంబంధించిన మండలి నిర్ణయములలో కొన్నిటిని న్యాయస్థానము కొట్టివేసెను. ఉమ్మడి సైన్యమునకు తల వంచని ఫ్రాన్సు, ఉమ్మడి న్యాయస్థానపు గడప తానే యెక్కి, దాని తీర్పును శిరసావహించినది. 1954లో ఐరోపా సమాజము బ్రతికినది ఇచ్చటనే. తరువాత వచ్చినవారును సైన్యముల జోలికి పోక ఈ సరుకుల, ధరల, న్యాయముల దారినే పట్టిరి. 1955 జూన్‌లో మెస్సీనాలో ఆరుగురు మంత్రులు మరల కూడిరి. 1957 మార్చి 25న రోము సంధి సిద్ధమయ్యెను.

రోము సంధికి అనుబంధముగా సమాజముతో చేరిక కలిగిన సముద్రాంతర ప్రాంతముల పట్టిక కలదు. ఆఫ్రికాలోని ఫ్రెంచి ప్రాంతములు, మడగాస్కరు, న్యూ కాలెడోనియా అందులో నున్నవి. పుదుచ్చేరి, యానాం లేవు. చట్టరీత్యా అప్పటికి అవి ఇంకను ఫ్రాన్సువే. 1956 మే 28న కుదిరిన అప్పగింత సంధి ధ్రువీకరణము పూర్తియై అమలులోనికి వచ్చినది 1962 ఆగస్టు 16న. ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనదలచిన వారికి నాటినుండి ఆరు మాసముల గడువీయబడెను. అట్లు నిలుపుకొనిన కుటుంబములవారు, మాస్ట్రిక్ట్ సంధి అమలులోనికి వచ్చిన 1993 నవంబరు 1వ తేదీన, ఐరోపా సమాఖ్య పౌరులు కూడ అయిరి.