యిన్ జిపింగ్: నవలయందును చరిత్రయందును

చీనాదేశపు యుద్ధవిద్యానవలలలో గురుశిష్యపరంపరలకు ప్రధానస్థానము కలదు. గురువు పంపిన లేఖను కొనివచ్చుటకో, కథానాయకునితో తలపడుటకో కల్పింపబడిన యువశిష్యులు వానిలో పెక్కండ్రు కానవత్తురు. పాఠకులు వారి పేళ్లను త్వరలోనే మఱచిపోవుదురు. అట్టివారిలో యిన్ జిపింగ్ అను పేరు మాత్రము విచారింపదగినది. ఏలయన నది కల్పితము కాదు.

జిన్ యోంగ్ అను కలముపేరు గల రచయిత (1924–2018) 1957 మొదలు 1959 వఱకు హాంగ్‌కాంగు దినపత్రికలో ప్రకటించిన నవలలో నితడు ఛువాన్‌జెన్ మఠమునకు చెందిన యువసన్న్యాసి. గురువైన చియు చూజీ లేఖను కొని మంగోలుల దేశమునకు వచ్చి, గువో జింగ్ అను నాయకుని ద్వంద్వయుద్ధమున పరీక్షించును. 1959లో నారంభమైన రెండవ నవలలోనో, చీకటిలో నిశ్చేష్టురాలై పడియున్న నాయికను చెఱచిన దోషి యితడే.

చరిత్ర చెప్పునది వేఱు. యిన్ జిపింగ్ 1169లో జన్మించెను. చెంఘిజ్‌ఖాను పిలుపు నందుకొని చియు చూజీ 1220లో బయలుదేఱినపుడు వెంట నడచిన పదునెనిమిదిమంది శిష్యులలో నితడొకడు. నాటికి నేబదియేండ్లు దాటినవాడే కాని నవలలోని నవయువకుడు కాడు. 1222లో హిందూకుష్ ప్రాంతమున ఖానుదర్శనము లభించెను. ఈ యాత్రావృత్తాంతమును సహశిష్యుడైన లీ జిచాంగ్ రచించెను. 1227లో గురువు పరమపదింపగా యిన్ జిపింగ్ సంప్రదాయాధిపతియై, 1238లో నా పదవిని లీ జిచాంగునకు విడిచి, 1251లో దేహము చాలించెను. ఆతని బోధలు గ్రంథరూపమున నేటికిని నిలిచియున్నవి. ఛువాన్‌జెన్ సన్న్యాసులకు బ్రహ్మచర్యము విధి. కావున నవల మోపిన నింద యట్టివానికి మిక్కిలి ఘోరమైనది.

నవలాకర్తకు కల్పనాస్వాతంత్ర్యము లేదా యని యడుగవచ్చును. కలదు. చెంఘిజ్‌ఖానును గూర్చి యెంత కల్పించినను, పాఠకుడు సరిచూచుకొనుటకు చరిత్రగ్రంథము లనేకములు కలవు. మఠచరిత్రలలో మాత్రమే మిగిలిన సన్న్యాసికి అట్టి రక్షణ లేదు. ఆతని పేరు నవలలోనే మొదట విన్న లక్షలమందికి నవలయే చరిత్ర. కీర్తి యెంత స్వల్పమో యపకీర్తి యంత సులభముగ నంటుకొనును.

కవి తుదకు తన జీవితకాలముననే యీ దోషమును దిద్దెను. 2000 తరువాత వెలువడిన మూడవ సంస్కరణమున నా దోషి పేరు జెన్ జిబింగ్ అని మార్చబడినది. ఐనను పూర్వముద్రణములను చదివినవారి నోట, వాని ననుసరించిన దృశ్యనాటకములలో, పాతపేరు తొలగలేదు. పేరు మాఱినందువలన కథకు లోటు కలుగలేదు. కథకు కావలసినది పతనమైన యొక శిష్యుడే కాని యిన్ జిపింగ్ కాడని దీనివలన స్పష్టమగుచున్నది.